చీకటి వైపు చెంప

అలసిపోయానని చెబితే మా ఊళ్ళో జనం కాఫీ తాగమంటారు. చర్చిలో చెప్పినా అంతే, డాక్టరు దగ్గర చెప్పినా దాదాపు అంతే. అందుకని చెప్పడం మానేశాను. అమెరికాకి ఉత్తరాన, కెనడా అంచుకి దగ్గరున్న మా డులూత్‌లో మార్చి నెలంటే ఎలాగూ అందరూ అలసిపోయే ఉంటారు. నవంబరులో పడ్డ మంచు ఇంకా గుమ్మం ముందే ఉంటుంది, లేక్ మీద గడ్డ పగలదు, బూట్లు ఆరవు. అంతమంది అలసటలో నాదొకటి ఎవరికి పట్టింది?

నా పేరు మార్లిస్. స్కూలు బస్సు నడిపి రిటైరయ్యాను. నా భర్త రూబెన్ ఐస్ హాకీ ఆడే రింకులో ఐసు నునుపు చేసే బండి నడిపేవాడు. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి తన కుడి చెయ్యినీ, కుడి కాలునీ, మాటల్లో చాలా భాగాన్నీ పట్టుకుపోయింది. ఊఁ, కాదు, సరే, నా పేరులో సగం, విడివిడిగా ఇంకో పిడికెడు మాటలు మిగిలాయి. బూతులు మాత్రం ఒక్కటీ పోలేదు. కోపమొస్తే పూర్వంలాగే గడగడా వస్తాయి. ఇలాంటి రోగుల్లో అది మామూలేనని డాక్టరు చెప్పింది.

ఆసుపత్రిలో తను కళ్ళప్పగించి నావైపే చూస్తుంటే "నిన్నెక్కడికీ పంపను, రూబెన్" అని మాటిచ్చాను. తను అడగలేదు, అడగడానికి నోరెక్కడిది? నేనే ఇచ్చాను. ఆ మాట మీదే రెండేళ్ళుగా తనని మంచం మీంచి కుర్చీలోకీ, కుర్చీలోంచి బాత్రూముకీ, మళ్ళీ మంచం మీదికీ ఎత్తుతున్నాను, దించుతున్నాను. రాత్రుళ్ళు లేచి ఒత్తిగిలిస్తున్నాను. నా నడుం ఎప్పుడో పోయింది. అది పోతే పోయింది గానీ, పోయిన నెల గ్రాండ్ అవెన్యూ మీద ఎర్రలైటు దగ్గర ఆగినప్పుడు, పక్క సీట్లో రూబెన్ ఉండగానే స్టీరింగు మీద తల వాల్చి నిద్రపోయాను. వెనక కార్లు హారన్లు కొడితే మెలకువ వచ్చింది. ఊరి పిల్లల్ని ఏళ్ళ తరబడి బస్సులో భద్రంగా తిప్పినదాన్ని. ఆ మర్నాడే, ఇలాంటి రోగుల్ని ఉంచుకుని చూసుకునే, లేక్ పక్కనున్న కేర్ హోమ్‌కి ఫోన్ చేసి రూబెన్ పేరు రాయించాను. తనకి చెప్పలేదు.

వాళ్ళు సోమవారం నాడు తిరిగి ఫోన్ చేశారు. ఒక గది ఖాళీ అయిందట. శుక్రవారంలోగా ఏదో ఒకటి చెప్పాలి, లేదంటే తర్వాతివాళ్ళకి ఇచ్చేస్తారు. నేను చెబుతున్నది గురువారం సంగతి. అప్పటికింకా వాళ్ళకీ చెప్పలేదు, రూబెన్‌కీ చెప్పలేదు. పంపితే మాట తప్పినదాన్నవుతాను, పంపకపోతే ఈసారి ఎర్రలైటు దగ్గర ఆగకుండానే నిద్రపోతాను. ఇదే మూడు రోజులుగా అన్నం ముందు, అద్దం ముందు, స్టవ్ ముందు నమిలిందే నములుతున్నాను.

గురువారం మధ్యాహ్నాలు మాత్రం నావి. పక్కింటి లోయిస్ వచ్చి రూబెన్ దగ్గర కూర్చుంటుంది, నేను కమ్యూనిటీ హాల్ బేస్‌మెంట్‌లో బొమ్మల క్లాసుకి వెళతాను. బొమ్మల మీద నాకు ప్రత్యేకంగా ప్రేమేమీ లేదు. అక్కడ ఎవరినీ ఎత్తక్కర్లేదు, అంతే. క్లాసు చెప్పే బెర్నడెట్‌ని అందరూ బెర్నీ అంటారు. నలభై దాటిన మనిషి, నోటికి అడ్డూ అదుపూ లేదు. జనవరిలో మా అందరి చేతుల్లో తలా ఒక ట్యూబు పెట్టింది. అంబర్ అనే ముదురు మట్టిరంగు. ఈస్టర్ దాకా ఇదొక్కటే అంది. అట్ట నిండా ఆ రంగు పల్చగా పులమాలి. వెలుగు కావలసిన చోట గుడ్డతో తుడవాలి, చీకటి కావలసిన చోట కుంచెతో ఇంకాస్త వేయాలి. ఎరుపూ నీలమూ చేతికిస్తే మనుషులు రంగులతో ఆడుకుంటారే తప్ప వెలుగు ఎక్కడ పడుతోందో చూడరని ఆవిడ వాదన.

ఇనుపరాయి ఓడల్లోకి నింపే రేవులో పనిచేసి రిటైరైన డ్వేన్ ఈ సంగతి మీద ప్రతివారం సణుగుతాడు. "టీచరమ్మా, క్రిస్మస్ పండగైన దగ్గర్నుంచీ మాంసం గ్రేవీతో బొమ్మలేయిస్తున్నావు. పక్కన కాస్త బంగాళాదుంపలైనా పెట్టమ్మా," అంటాడు.

ఆ గురువారం పన్నెండింటికి లోయిస్ ఫోన్ చేసి ఫ్లూ వచ్చిందని దగ్గింది. ఇంట్లోనే ఉండిపోవచ్చు. కానీ వారానికి ఒక్క పూట, అదీ లేకుండా చేస్తారా అని ఫ్లూ మీద, లోయిస్ మీద, లోయిస్‌కి ఫ్లూ అంటించిన మనవళ్ళ మీద కోపమొచ్చింది. రూబెన్‌కి కోటు తొడిగి, టోపీ పెట్టి, చక్రాల కుర్చీతో సహా వ్యానెక్కించి క్లాసుకి తీసుకుపోయాను. వెనక వాలుదారి మీద ఐసుంది. కుర్చీని లోపలికి తోసేసరికి నాకు ఊపిరాడలేదు.

"ఈయనేనా మీ ఆయన?" అంది బెర్నీ. నేను నోరు తెరిచేలోపల వంగి రూబెన్ ముఖంలోకే చూసింది. చాలామంది అలా చూడరు, తనకి చెవుడొచ్చినట్టు నాతోనే మాట్లాడతారు. "పెద్దాయనా, నా గదిలో ఒక రూలుంది. ఊరికే కూర్చుని పోవడం కుదరదు. ఇవాళ జంటలుగా వేస్తున్నాం. ముందు మీరు కూర్చోండి, మీ ఆవిడ వేస్తుంది. తర్వాత ఆవిడ కూర్చుంటుంది, మీరు వేస్తారు. బొమ్మ వేయించుకున్నవాళ్ళు తిరిగి వేయకుండా గడప దాటకూడదు."

రూబెన్ ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి చూపించి మళ్ళీ ఒళ్ళో పడేశాడు.

"రెండోది బానే ఉందిగా," అంది బెర్నీ.

రూబెన్ ఒక బూతుమాట అన్నాడు, చక్కగా, స్పష్టంగా. డ్వేన్ పగలబడి నవ్వాడు.

"ఈయన నాకు నచ్చాడు," అన్నాడు. "మార్లిస్, నువ్వింక వారం వారం రాకపోయినా పర్లేదు, ఈయన్ని పంపించెయ్."

పంపించెయ్ అన్న మాట వినపడనట్టు రూబెన్ టోపీ తీశాను. డ్వేన్‌కేం తెలుసు పాపం.

బేస్‌మెంట్‌లో కిటికీలు ఒక్కవైపే ఉన్నాయి, పైన, కప్పుకి ఆనుకుని. రూబెన్‌ని ఎడమ చెంప కిటికీ వైపు ఉండేలా కూర్చోబెట్టాను. అట్ట మీద రంగు పులిమి, గుడ్డ వేలికి చుట్టుకుని తుడవడం మొదలుపెట్టాను. నుదురు తుడిచాను, ముక్కు తుడిచాను, రెండు చెంపలూ తుడిచాను. కళ్ళ దగ్గరికొచ్చేసరికి గుడ్డకొన మెలిపెట్టి కంటి తెల్లగుడ్డుని కింది తెల్ల అట్ట కనిపించేదాకా శుభ్రం చేశాను. కుదిరిందనిపించింది. రూబెన్‌లాగే ఉన్నాడు. రింకులో బండి మీద కూర్చుని గాజు అద్దం అవతల నిలబడ్డ నన్ను చూసి తల ఊపే రూబెన్.

బెర్నీ వచ్చి నా వెనక నిలబడింది. ఆవిడ మాట్లాడకుండా నిలబడిందంటే నాకు ఒళ్ళు మండుతుంది.

"కంట్లో కోడిగుడ్లు పెట్టారేంటమ్మా?" అంది చివరికి.

"కంటి తెల్లగుడ్డు తెల్లగా ఉండకపోతే ఎలా ఉంటుంది?"

"అది మీకు తెలిసిన సంగతి. కనపడేది చెప్పండి." జేబులోంచి రెండు చిల్లులున్న కార్డుముక్క తీసి నా కంటి ముందు పెట్టింది. "ఒక చిల్లులోంచి ఆయన నుదురు చూడండి, రెండో దాంట్లోంచి కన్ను చూడండి. ఏది ముదురుగా ఉంది?"

చూశాను. కంటి తెల్లగుడ్డు నుదురు కంటే ముదురుగా ఉంది. చాలా ముదురుగా. నాకు నచ్చలేదు గానీ ఉన్నది అదే.

"అందరూ చేసే తప్పే," అంది బెర్నీ, కాస్త మెత్తగా. తర్వాత మళ్ళీ మామూలైపోయింది. "సరే, వెలుగు ఎట్నుంచొస్తోంది?"

"కిటికీ నుంచి."

"మరి ఈ కుడి చెంపకి ఇంకో కిటికీ ఏమైనా కట్టించారా?"

డ్వేన్ తన అట్ట వెనకాల కిసుక్కున నవ్వాడు. నేను నవ్వలేదు. ఆ కుడి చెంప జారిపోయిన చెంప. ఆ వైపు నోటిమూల కిందికి వేలాడుతుంది, రెప్ప సగం వాలి ఉంటుంది. రెండేళ్ళుగా రోజూ పొద్దున ఆ చెంపకి సబ్బు రాసి, గడ్డం గీసి, థెరపిస్టు నేర్పినట్టు వేళ్ళతో పైకి నిమురుతున్నాను. ఆ చెంపని అట్ట మీద చీకట్లోకి తోసెయ్యమంటే నాకు చెయ్యి ఆడలేదు.

"దాన్ని అలాగే ఉండనీ," అన్నాను.

"మీ ఇష్టం. కళ్ళు చికిలించి ఒక్కసారి చూడండి, తర్వాత మీ ఇష్టం," అని పోయింది.

కళ్ళు చికిలించాను. అలా చూస్తే చిన్నాచితకా వివరాలన్నీ పోయి వెలుగూ చీకటీ రెండే మిగులుతాయి. రూబెన్ కుడి చెంప ఎక్కడా లేదు. వెనకున్న గోడ చీకటిలో కలిసిపోయింది. అంచు కూడా లేదు. ఎడమ చెంప మీద కిటికీ వెలుగు సన్నగా పడుతోంది, దాని కింద బుగ్గ గుంట పడింది. గుంట ఎప్పుడు పడింది? రోజూ గడ్డం గీసేది నేనే కదా. నేను ఇన్నాళ్ళూ బండి మీద కూర్చున్న మనిషికే గడ్డం గీస్తున్నానేమో. కుంచె తీసుకుని కుడి చెంప మీద రంగు వేశాను. కళ్ళలో కోడిగుడ్ల మీద కూడా వేశాను. వేస్తున్నంతసేపూ దుఃఖంగానే ఉంది, కానీ వేసిన కొద్దీ బొమ్మ ఎదురుగా ఉన్న మనిషిలాగే అయింది.

మధ్యలో కాఫీకి ఆగాం. ఎవరో నిమ్మకాయ కేకుముక్కలు తెచ్చారు. రూబెన్ నోటికి ఒక ముక్క అందించాను, పొడి కోటు మీద పడితే దులిపాను. తను నా బొమ్మ చూసి "ఊఁ" అన్నాడు. బాగుందనో, అవుననో.

తర్వాత మా వంతులు మారాయి. బెర్నీ రూబెన్ కుర్చీ ముందు అట్ట ఏటవాలుగా నిలబెట్టి, ఎడమచేతికి గుడ్డ చుట్టింది. ఏదో చెవిలో చెప్పింది. నన్ను కిటికీ కింద చేతుల కుర్చీలో కూర్చోబెట్టింది.

"ఏం చెయ్యాలి నేను?" అన్నాను.

"ఏమీ చెయ్యకండి."

ఆ మాట చివరిసారి నాతో ఎవరన్నారో గుర్తు లేదు. కుర్చీ మెత్తగా ఉంది. హీటరు గొణుగుతోంది. రూబెన్ నన్ను చూశాడు, ఒక కన్ను చికిలించి, రెండోది ఎలాగూ సగం మూసుకునే ఉంటుంది. మొదట సిగ్గేసింది. ఇన్నేళ్ళ కాపురంలో తను నన్ను ఇంతసేపు కన్నార్పకుండా చూసిన గుర్తు లేదు. చూసే పని నాదే అయిపోయింది కదా. మందు వేసుకున్నాడా, మింగాడా, పడతాడా అని చూడటమే. రేపు ఫోన్ చెయ్యాలి అనుకున్నాను. ఏం చెప్పాలి అనుకున్నాను. తర్వాత ఏమీ అనుకోలేదు.

మెలకువ వచ్చేసరికి మెడ పట్టేసింది, నోటి పక్కన తడిగా ఉంది. కుంచెలు పక్కన పెట్టి అందరూ రూబెన్ వెనక నిలబడి ఉన్నారు. డ్వేన్ కూడా.

"నిద్రపోయానా?"

"గురక బొమ్మలోకి రాదు కాబట్టి బతికిపోయావు," అన్నాడు డ్వేన్. కానీ గొంతులో వెటకారం లేదు.

లేచి వెళ్ళి చూశాను. బొమ్మలో తలకాయ గుమ్మడికాయంత ఉంది. ముక్కు ఒక పక్కకి పోయింది. చెవి ఉండాల్సిన చోట లేదు. అయినా అది నేనే, ఎవరూ కాదనలేరు. అట్టంతా దాదాపు మట్టిరంగే. రూబెన్ మూడంటే మూడు చోట్ల తుడిచాడు, నుదుటి మీద, ఒక చెంప ఎముక మీద, ఒళ్ళో పడున్న చేతి వెనక. కళ్ళ కింద తుడవలేదు సరికదా, బొటనవేలితో ఇంకా రంగు అదిమాడు. వేలిముద్రలు కనిపిస్తున్నాయి. నోరు తెరుచుకుని ఉంది, అది ఉత్త చీకటి. తల ఒక పక్కకి వాలిపోయి ఉంది. ఎవరో మోయలేనిది మోసి, దించి, దాని పక్కనే పడిపోయిన మనిషి.

"నేను చెప్పిందేం లేదు," అంది బెర్నీ. "కళ్ళు చికిలించమన్నానంతే. ఒక్క గీత కూడా ఊహించి వెయ్యలేదు ఈయన."

నాకు ఏడుపు రాలేదు. ముందు కోపం వచ్చింది. పదిమంది ముందు నన్నిలా పెడతావా అనిపించింది. టేబులు మీది గుడ్డ తీసుకున్నాను.

"కళ్ళ కింద కాస్త తుడుస్తానుండు, రూబెన్. మరీ శవంలా ఉన్నాను," అన్నాను.

తను ఎడమచేత్తో నా చెయ్యి పట్టుకున్నాడు. వేళ్ళ నిండా రంగు.

"కాదు," అన్నాడు. ఇంకేదో చెప్పాలని చూశాడు. మాట కోసం వెతుకుతున్నప్పుడు తన మెడనరాలు ఉబ్బుతాయి. నేను ఎప్పుడూ తొందరపడి మాట అందించేస్తాను. ఆ రోజు అందించలేదు, ఏ మాటో నాకు తెలియలేదు కాబట్టి.

"శుక్రవారం," అన్నాడు.

నా చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది.

"మెషీన్," అన్నాడు. "విన్నా."

మా వంటింట్లో ఫోన్ మెషీన్ ఉంది, మేం ఫోన్ ఎత్తనప్పుడు అందులో రికార్డయిన మాటలు గట్టిగా వినిపిస్తాయి. సోమవారం కేర్ హోమ్ వాళ్ళు పెట్టిన మాటలు విన్నప్పుడు రూబెన్ హాల్లో వాలుకుర్చీలో నిద్రపోతున్నాడనుకున్నాను. నేను రెండోసారి కూడా విన్నాను, ఫోన్ నంబరు సరిగా రాసుకోవడానికి. అంటే సోమవారం నుంచీ తెలుసు. మూడు రోజులు నేను ఎత్తుతుంటే, దించుతుంటే, తెలిసి ఊరుకున్నాడు. నేను చెబుతానని చూశాడు కాబోలు.

బెర్నీ మిగతావాళ్ళని "కుంచెలు కడుక్కోండి, కడుక్కోండి" అని సింకు వైపు తరిమింది.

కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. "నిన్నెక్కడికీ పంపనని మాటిచ్చాను," అన్నాను.

దానికి రూబెన్ అన్న బూతు ఇక్కడ రాయను. నా మాట ఎక్కడ పెట్టుకోవాలో చెప్పాడు. తర్వాత బొమ్మ వైపు వేలు చూపించి, "ఇది," అన్నాడు. "చూడు."

చూశాను. గుమ్మడికాయ తల, బొటనవేలి ముద్రలు. ఈ రెండేళ్ళలో నేను అలసిపోయానని ఒక్కసారి కూడా తనతో అనలేదు. నవ్వుతూ లేపాను, నవ్వుతూ పడుకోబెట్టాను. తనకి కనపడకుండా దాచానని ఎంత గర్వంగా ఉండేదో నాకు. ఒళ్ళంతా ఒక్కసారిగా తేలికైంది, వెంటనే ఆ తేలికకి సిగ్గేసింది. సిగ్గుపడుతూనే, ఆ మాట వదిలెయ్యమని ఎవరో ఒకరు అనాలని రెండేళ్ళుగా కాచుకుని ఉన్నానని తెలిసింది. తను తప్ప వేరేవాళ్ళు అంటే పనికిరాదని కూడా.

"భయం లేదా?" అని అడిగాను.

"ఊఁ," అన్నాడు. ఉందనే. నాకు తన ఊఁలన్నీ తెలుసు. "వెళ్తా," అన్నాడు.

రేపటిదాకా ఆగితే మనసు మార్చుకోనని నాకు నా మీద నమ్మకం లేదు. వ్యానులోకెక్కాక, హీటరు వేడెక్కేలోపల, అక్కడి నుంచే ఫోన్ చేశాను. అవతల ఎత్తిన ఆవిడది మంచి గొంతు. గది తీసుకుంటామని చెప్పాను. ఆవిడ సంతోషమంది, ఎప్పుడు రావచ్చో చెప్పింది, తర్వాత ఒక సంగతి అడిగింది. కొత్తగా వచ్చేవాళ్ళని వాళ్ళు తప్పకుండా అడుగుతారట.

"ఆయనకి ఇష్టమేనా అండీ? వీలైతే ఆయన నోటితో వింటే మాకు బాగుంటుంది."

"ఆయనకి మాట సరిగ్గా రాదండీ," అన్నాను.

రూబెన్ చెయ్యి చాచాడు. ఫోన్ ఇచ్చాను. కంగారుపడ్డాను, ఫోన్లో తనకి బొత్తిగా మాట రాదు, కోపమొస్తే ఏమంటాడో తెలుసు. తను ఫోన్ చెవికి ఆనించుకుని అద్దంలోంచి ముందుకి చూస్తూ మాట కోసం వెతికాడు. మెడనరం ఉబ్బింది.

"మా ఆవిడ నిద్రపోవాలి," అన్నాడు.

బూతులు తీసేస్తే, రెండేళ్ళ తర్వాత తన నోట వచ్చిన మొదటి పూర్తి వాక్యం అది. అవతల ఆవిడకి అర్థం కాలేదో, వినపడలేదో, మళ్ళీ చెప్పమని అడిగింది. రూబెన్ మళ్ళీ ప్రయత్నించాడు. నోరు తెరిచాడు, మూశాడు. ఈసారి మాటలు కూడలేదు. "నిద్ర," అన్నాడు. "నిద్ర, నిద్ర." తర్వాత ఫోన్ నా ఒళ్ళో పెట్టి, రంగు ఆరని చేత్తో నా మోకాలు మీద తట్టి, ఇంక నువ్వు చెప్పు అన్నట్టు తల ఊపాడు.

ఫోన్ తీసుకుని, "ఇష్టమేనండీ," అని చెప్పాను.